మా అమ్మమ్మ మంత్రసాని



అందరూ వచ్చారా? కూర్చోండి. బీడీల చాటలు పక్కకు పెట్టండి అని నేను అనను. చేతులు బీడీలు చుడుతుంటే చెవులు వినగలవు. ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు.

ఈ పూట పలకలు తియ్యొద్దు. ఈ పూట మాటలే. చివరికి ఒక్క కార్డు మాత్రం చదువుదాం.

మొన్న మన కేంద్రానికి వచ్చే ఒక చెల్లె నన్ను ఆపి ఒక మాట అడిగింది. ఆమెకు ఇప్పుడు ఏడో నెల. తొలుసూరు కాన్పు.

"టీచరమ్మా! మా అత్త అయ్యగారి దగ్గరికి పోయి ముహూర్తం పెట్టించుకొచ్చింది. ఆ దినం పెద్దాపరేషన్ చేపిస్తమంటున్నరు. మా అవ్వేమో, నేను నలుగురిని ఇంట్లనే కన్న, నువ్వు కూడ ఇంట్లనే కనుమంటున్నది. నేనెటు పోవాలె?" అన్నది.

నేను డాక్టరును కాను. టీచర్ ట్రైనింగ్ చదివిన దాన్ని. నాకింకా పెళ్లి కూడా కాలేదు. కాన్పు గురించి నేను చెబితే మీలో కొందరు నవ్వుతారు. నవ్వండి. కానీ నేను మంత్రసాని మనుమరాలిని. కాన్పు ముచ్చట్లు వింటూ పెరిగాను. మన నర్సమ్మను అడిగి తెలుసుకున్నాను. పుస్తకాలు చదివాను. ఆ చెల్లెకు చెప్పిన జవాబే మీ అందరికీ చెబుతున్నాను.

మా అమ్మమ్మ మన తంగళ్ళపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఎంతమందికి కాన్పు చేసిందో లెక్క లేదు. ఆమెకు లెక్క రాయడం రాదు. "వందలు చేసిన బిడ్డా" అనేది. రాత్రి రెండు గంటలకు కందిలి పట్టుకొని ఎవరో వచ్చి తలుపు కొట్టేవారు. లేచి పోయేది. వాన పడుతున్నా పోయేది. కాన్పు చేస్తే కుంచెడు వడ్లు, ఒక రవిక బట్ట ఇచ్చేవారు. ఆడపిల్ల పుడితే కొందరు వడ్లు తగ్గించేవారు. ఆడపిల్లను కనడానికి నొప్పులు తక్కువ వస్తాయా? ఇంకో మాట. ప్రాణం మీదికి వస్తే ఆమెను లోపలి అర్రలోకి పిలిచేవారు. పని అయిపోయాక అదే ఇంట్లో ఆమెకు నీళ్లు ఎత్తి పోసేవారు. ఆ మాట చెప్పేటప్పుడు అమ్మమ్మ నవ్వేది. నాకు నవ్వు రాదు.

ఆమె కాన్పు ఎట్లా చేసేదో వినండి.

నొప్పులు మొదలైన మనిషిని పండుకోబెట్టేది కాదు. "లే బిడ్డా, నడువు" అనేది. వాకిట్లో నడిపించేది. నడుముకు వేడినీళ్ల కాపడం పెట్టేది. గంజి తాగించేది. వాసానికి తాడు కట్టి, ఆ తాడు పట్టుకొని గొంతుక్కూర్చోమనేది. పక్కన తల్లినో, అక్కనో కూర్చోబెట్టేది. ఆమె చెయ్యి పట్టుకోమనేది. తొందర పెట్టేది కాదు. "పండు పక్వానికి వస్తే అదే రాలుతది. కొమ్మను ఊపుతే పిందె రాలుతది" అనేది.

చదువుకోని ముసలమ్మ మాటలు అనుకుంటున్నారా? 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పుల మీద ఒక పెద్ద పుస్తకం వేసింది. అందులో ఏముందో తెలుసా? ఏ ఇబ్బందీ లేని గర్భిణిని నొప్పుల సమయంలో నడవనివ్వాలి. ఆమెకు ఎట్లా వీలుగా ఉంటే అట్లా కూర్చోనివ్వాలి. తాగడానికి, తినడానికి ఇవ్వాలి. ఆమెకు ఇష్టమైన ఒక మనిషిని పక్కన ఉండనివ్వాలి. ఊరికే సూదిమందు ఇచ్చి నొప్పులను తొందర పెట్టకూడదు. బిడ్డ పుట్టగానే బొడ్డు కొయ్యకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగాలి. ఆ కొద్దిసేపట్లో మాయలోని రక్తం ఇంకొంత బిడ్డలోకి పోతుంది. మా అమ్మమ్మ బొడ్డును వేళ్ల మధ్య పట్టుకొని, కొట్టుకోవడం ఆగినాకనే కోసేది. ఎందుకని అడిగితే, "అది ఇంకా ఇస్తున్నది కదా" అనేది.

కానీ అక్కలారా, నేను మా అమ్మమ్మను దేవతను చెయ్యను. ఆమె తప్పులు కూడా చేసింది. ఆమెనే ఒప్పుకున్నది.

మొదట్లో బొడ్డును కొడవలితో కోసేది. కోసిన చోట బూడిద అద్దేది. పసుపుపచ్చటి ముర్రుపాలు "చెడ్డపాలు" అని పిండి పారబోయించేది. పచ్చి బాలింతకు నీళ్లు ఇయ్యొద్దనేది. కొందరు పిల్లలు పుట్టిన వారానికి దవడలు బిగుసుకుపోయి, పాలు పట్టక, విల్లులాగా వంగి చనిపోయేవారు. గాలి సోకింది అనుకునేవారు. గాలి కాదు. ధనుర్వాతం. మట్టిలో, పేడలో ఉండే క్రిమి కొడవలి మీది నుంచి, బూడిదలోనుంచి బొడ్డులోకి పోయేది.

1977లో సర్కారు ఊరూరి మంత్రసానులకు ట్రైనింగు ఇచ్చే పథకం పెద్దఎత్తున మొదలుపెట్టింది. మా అమ్మమ్మ కూడా పోయింది. నెల రోజులు నేర్చుకున్నది. ఐదు శుభ్రాలు నేర్చుకున్నది. చేతులు శుభ్రం, పరుపు శుభ్రం, బ్లేడు శుభ్రం, బొడ్డు కట్టే దారం శుభ్రం, బొడ్డు శుభ్రం. బొడ్డు శుభ్రం అంటే దాని మీద ఏమీ పెట్టకపోవడం. ఒక పెట్టె ఇచ్చారు. ఆ పెట్టె మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. గర్భిణులకు ధనుర్వాతం టీకా వేయడం, బ్లేడు మార్చడం వల్ల ఆ చావులు తగ్గుతూ వచ్చాయి. 2015లో మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని పారదోలిందని ప్రకటించారు. ముర్రుపాలు బిడ్డకు మొదటి టీకా వంటివి. గంటలోపల పట్టాలి. ఇది మీలో చాలామందికి తెలుసు.

ఇప్పుడు కష్టమైన సంగతి చెప్పాలి.

మా అమ్మకు ఒక అక్క ఉండేది. నాకు పెద్దమ్మ. నేను చూడలేదు. 1984లో ఆమెకు మూడో కాన్పు. పుట్టింటికి వచ్చింది. కన్నతల్లే మంత్రసాని. ఇంక భయమేమిటి? ట్రైనింగు అయిన మంత్రసాని. చేతులు శుభ్రం, బ్లేడు శుభ్రం. బిడ్డ సుఖంగా పుట్టాడు. మాయ కూడా పడింది. అందరూ నవ్వుతున్నారు. అప్పుడు నెత్తురు మొదలైంది.

అమ్మమ్మ పొట్ట పిసికింది. బిడ్డను రొమ్ముకు పెట్టింది. తనకు తెలిసినవన్నీ చేసింది. నెత్తురు ఆగలేదు. ఎడ్లబండి కట్టారు. అప్పుడు ఫోన్లు లేవు, 108 లేదు. మానేరు అవతల సిరిసిల్ల. ఎంత దూరం? మీరే చెప్పండి, ఎంత దూరం? బండి దవాఖాన ముందుకు పోయేసరికి పెద్దమ్మ లేదు.

ఆ పిల్లవాడే మా అన్న. మా అమ్మనే పెంచింది. ఇప్పుడు సాంచాల మీద పనిచేస్తాడు.

అమ్మమ్మ ఒకసారి నాతో అన్నది: "నా చేతులు మంచియే బిడ్డా. కానీ నా చేతులల్ల నెత్తురు లేదు కదా, పొయ్యడానికి."

ఎందుకు ఇట్లా అవుతుందో నర్సమ్మ నాకు చెప్పింది. నెలలు నిండినప్పుడు గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం పోతుంటుంది. మాయ ఊడినాక గర్భసంచి పిడికిలి లాగా బిగుసుకోవాలి. బిగుసుకుంటేనే రక్తనాళాలు మూసుకుంటాయి. బిగుసుకోకపోతే నల్లా విప్పినట్టే. మనిషి ఒంట్లో ఉండేదే ఐదు లీటర్లు. అందుకే దవాఖానలో బిడ్డ పుట్టగానే గర్భసంచి బిగుసుకునే సూదిమందు ఇస్తారు. ఆ మందును చల్లగా ఉంచాలి. దానికీ ఆగకపోతే రక్తం ఎక్కిస్తారు. ఎవరికి ఇట్లా అవుతుందో ముందుగా చెప్పలేము. రెండు కాన్పులు సుఖంగా అయినవాళ్లకు కూడా మూడో కాన్పులో కావచ్చు. పెద్దమ్మకు అట్లనే అయింది.

అందుకే "నేను నలుగురిని ఇంట్లనే కన్న" అనే అవ్వ మాట నిజమే. ఆమె బతికింది కనుక చెబుతున్నది. బతకని వాళ్లు వచ్చి చెప్పరు. 1997-98లో మన దేశంలో లక్షమంది బిడ్డలు పుడితే 398 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి అది 97కు తగ్గింది. మన తెలంగాణలో 43. అప్పటికి కూడా 43 ఇళ్లల్లో బిడ్డ ఉన్నాడు, తల్లి లేదు. కానీ ఎంత తగ్గిందో చూడండి.

2018 జూలైలో తమిళనాడులోని తిరుప్పూరులో ఒక టీచరమ్మ చనిపోయింది. చదువుకున్న మనిషి. ఫోన్లో వీడియోలు చూసి, ఇంట్లోనే సహజంగా కనాలనుకున్నారు. బిడ్డ పుట్టింది. తల్లికి నెత్తురు ఆగలేదు. అదే సంగతి. అక్కడ మా అమ్మమ్మ లాంటి మంత్రసాని కూడా లేదు. ఫోనే ఉంది.

"మరి పెద్ద దేశాలల్ల ఇంట్లనే కంటరట కదా?" అని ఎవరో అంటున్నారు. అవును, కంటారు. నెదర్లాండ్స్ అని ఒక చిన్న దేశం ఉంది. అక్కడ వందలో పదిమందికి పైగా ఇంట్లోనే కంటారు. కానీ పద్ధతి చూడండి. నాలుగు సంవత్సరాలు చదివిన మంత్రసాని ఇంటికి వస్తుంది. సూదిమందులు ఆమె పెట్టెలోనే ఉంటాయి. ఏ ఇబ్బందీ లేని గర్భిణికే ఒప్పుకుంటారు. తేడా వస్తే వెంటనే దవాఖానకు మారుస్తారు. ఇంగ్లండులో 2011లో దీని మీద ఒక పెద్ద పరిశీలన అచ్చయింది. రెండో కాన్పు, మూడో కాన్పు వాళ్లకు ఇట్లాంటి ఏర్పాటు ఉంటే ఇంట్లో కన్నా బిడ్డకు ప్రమాదం పెరగలేదు. తొలుసూరు వాళ్లకు మాత్రం బిడ్డకు ప్రమాదం కొంత పెరిగింది. ఇంట్లో మొదలుపెట్టిన తొలుసూరు వాళ్లలో వందకు 45 మందిని దవాఖానకు మార్చవలసి వచ్చింది. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. లేనప్పుడు ఇల్లు అనే మాట తియ్యగా ఉన్నా నేను ఒప్పుకోను.

ఇది అవ్వ మాటకు జవాబు. ఇక అత్త మాట. అంటే ముహూర్తం.

ఇప్పుడు మన తెలంగాణలో వంద కాన్పులలో 97 దవాఖానలోనే అవుతున్నాయి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇది మంచి మాట. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. ఆ వందలో 60 మందికి పొట్ట కోసి బిడ్డను తీశారు. దేశం మొత్తం మీద చూస్తే వందలో 21 మందికే ఇట్లా తీశారు. మన దగ్గర 60! ప్రైవేటు దవాఖానల్లో అయితే 81. సర్కారు దవాఖానల్లో 44. మన పక్క కరీంనగర్ జిల్లాలో వందకు 82.

ఒకసారి వేళ్లు మడిచి చూడండి. పదిమంది తల్లులు వరుసగా కూర్చుంటే ఎనిమిది మందికి పొట్ట మీద కుట్లు. మన ఆడవాళ్లకు ఏమైంది? కనడం మరిచిపోయారా? వరి నాటేది వాళ్లే. వంగి బీడీలు చుట్టేది వాళ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో, వంద కాన్పులకు పది పదిహేను ఆపరేషన్లు అయితే చాలు అన్నది.

ఆపరేషన్ చెడ్డది అని నేను అనడం లేదు. బిడ్డ అడ్డం తిరిగితే ఆపరేషనే కావాలి. మాయ గర్భసంచి మూతికి అడ్డంగా ఉంటే కావాలి. బిడ్డ గుండె కొట్టుకోవడం పడిపోతుంటే, బొడ్డుతాడు ముందు జారితే, నిమిషాల మీద కావాలి. అప్పుడు ఆపరేషన్ ఇద్దరి ప్రాణం నిలబెడుతుంది. మా అమ్మమ్మ కూడా అడ్డం తిరిగిన బిడ్డను తాకకుండా సిరిసిల్లకు పంపేది.

కానీ మంచి రోజు కోసం కొయ్యడం ఏమిటి? బిడ్డ ఊపిరితిత్తులు చివరి వారాల్లోనే గట్టిపడతాయి. 39 వారాలు నిండకముందు ముహూర్తం చూసి తీస్తే, కొందరు పిల్లలకు ఊపిరి సరిగా అందదు. అద్దాల పెట్టెలో పెడతారు. ఆ బిడ్డకు ఆ ముహూర్తం ఏం మంచి చేసింది? తల్లికి పొట్ట మీద గాయం. మళ్లీ కాన్పుకు ఆ గాటు దగ్గర మాయ అతుక్కొనే ప్రమాదం. ఆపరేషన్ ఎన్నిసార్లు అయితే ఆ ప్రమాదం అంత పెరుగుతుంది.

మా వదిన సంగతి చెబుతాను. దవాఖాన పేరు చెప్పను, ఊరు పేరు చెప్పను. సాయంత్రం నొప్పులు మొదలైనాయి. రాత్రి పదింటికి, "ఉమ్మనీరు తగ్గింది, సంతకం పెట్టండి" అన్నారు. మా అన్న సంతకం పెట్టాడు. ఆ కాగితంలో ఏముందో చదవలేదు. పక్కన నేనున్నాను. టీచర్ ట్రైనింగ్ చదివిన నేను కూడా చదవలేదు. భయం అట్లా ఉంటుంది. బిడ్డ బాగుంది. వదిన బాగుంది. ఆపరేషన్ అవసరమే కావచ్చు. కానీ ఒక్క ప్రశ్న కూడా మేము అడగలేదు. సంఘంలో తీసుకున్న అప్పు రెండు సంవత్సరాలు కట్టారు. మూడు నెలలు వదిన బీడీల ముందు వంగి కూర్చోలేకపోయింది. ఆ మూడు నెలల కూలి ఏ బిల్లులో రాశారు?

నొప్పుల భయం కూడా ఒక కారణం. చుట్టూ ఎవరూ లేక, ఒంటరిగా ఒక మంచం మీద పండుకోబెట్టి "అరవకు" అని కసిరితే ఎవరైనా "కోసెయ్యండి" అనే అంటారు. నేనైనా అంటాను.

మరి మా అమ్మమ్మ చేతులు, దవాఖాన నెత్తురు, రెండూ ఒక్క దగ్గర దొరకవా?

దొరికే దారి ఒకటి మన దగ్గరే మొదలైంది. 2017లో కరీంనగర్లో 30 మంది నర్సులకు మంత్రసాని చదువు మొదలుపెట్టారు. 18 నెలల చదువు. మన రాష్ట్ర సర్కారు, యునిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ కలిసి చేశాయి. మిడ్‌వైఫ్ అంటారు. తెలుగులో చెప్పాలంటే చదువుకున్న మంత్రసాని. మరుసటి ఏడాది, 2018 డిసెంబరులో, దేశమంతటా ఇట్లాంటి మిడ్‌వైఫులను తయారు చేయాలని కేంద్ర సర్కారు నిర్ణయించింది.

వాళ్లు ఏం చేస్తారు? గర్భిణికి నెలల్లోనే వ్యాయామం నేర్పుతారు. నొప్పుల్లో పక్కనే ఉంటారు. నడిపిస్తారు. పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టి ఊగమంటారు. నడుము రుద్దుతారు. బిడ్డ గుండె చప్పుడు వింటుంటారు. తేడా వస్తే అప్పటికప్పుడు డాక్టరును పిలుస్తారు. డాక్టరు పక్క గదిలోనే ఉంటుంది. నెత్తురు సీసా అదే దవాఖానలో ఉంటుంది. ఈ సంగతి చదివినప్పుడు అమ్మమ్మకు చెప్పాను. రబ్బరు బంతి దగ్గర ఆమె చాలాసేపు నవ్వింది. "మాకు తాడుండె, వాళ్లకు బంతి వచ్చిందా" అన్నది. ఆ తర్వాత, "వాళ్లకు జీతం ఇస్తరా?" అని అడిగింది. ఇస్తారని చెప్పాను. "మంచిగైంది" అన్నది.

ఇట్లాంటి నర్సులు అన్ని దవాఖానల్లో లేరు. లేకపోయినా మనం అడగవలసినవి ఉన్నాయి. సర్కారు దవాఖానలో కాన్పు సమయంలో ఒక ఆడమనిషి తోడు ఉండవచ్చని 2016లోనే కేంద్ర సర్కారు చెప్పింది. తల్లి ఉండవచ్చు, అత్త ఉండవచ్చు, అక్క ఉండవచ్చు. "మా అక్కను లోపలికి రానివ్వండి" అని అడగండి. ఆపరేషన్ అంటే, "ఎందుకు సారూ? ఇప్పుడే కావాలా? ఇంకొంచెం సేపు చూడవచ్చా?" అని అడగండి. నిజంగా తొందర ఉంటే డాక్టరే చెబుతాడు. చెప్పినప్పుడు వాదం పెట్టుకోవద్దు. సంతకం పెట్టే ముందు కాగితం చదవండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు.

ఇవి కనిపిస్తే నొప్పుల కోసం కూడా ఎదురు చూడొద్దు, 108కి ఫోన్ చెయ్యండి: నెత్తురు పోవడం, నొప్పులు లేకుండా ఉమ్మనీరు పోవడం, తలనొప్పి వచ్చి కళ్లు మసకబారడం, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గడం. దారిలోనే కాన్పు అయితే, అరగంటలో మాయ పడకపోయినా ఆగొద్దు, దాన్ని లాగొద్దు. 108 బండి మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. పెద్దమ్మకు 21 సంవత్సరాలు ఆలస్యంగా వచ్చింది.

ఇక ఆ చెల్లె కార్డు చూద్దాం. ఆమెనే తెచ్చింది. అందరికీ చూపించమన్నది. ఇదిగో, తల్లీబిడ్డల కార్డు. ప్రతి గర్భిణికీ ఇస్తారు. చాలామంది దీన్ని మడిచి బియ్యం డబ్బాలో దాచిపెడతారు.

మొదట తారీకులు చూడండి. చివరి ముట్టు మొదటి రోజుకు తొమ్మిది నెలలు, ఏడు రోజులు కలిపితే కాన్పు తారీకు వస్తుంది. ఈ చెల్లె తారీకు ఇక్కడ రాసి ఉంది. అత్త పెట్టించిన ముహూర్తం దానికి 19 రోజుల ముందు ఉంది! అంటే 38 వారాలు కూడా నిండవు. ఈ లెక్క మనం వేళ్ల మీద చేశాం. ఇదే లెక్క చెల్లె ఇంటికి పోయి అత్తకు చేసి చూపిస్తుంది. నేనూ వెంట పోతాను.

తర్వాత బీపీ. 110 కింద 70. బాగుంది. 140 కింద 90 అయినా, దాటినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

తర్వాత రక్తం. ఈ అంకె ఎవరు చదువుతారు? చెల్లే, నువ్వే చదువు.

తొమ్మిది చుక్క రెండు.

సరిగా చదివావు. 11 ఉండాలి. 7 కన్నా తగ్గితే చాలా ప్రమాదం. నీకు 9.2 ఉంది. నెత్తురు తక్కువ ఉన్న తల్లికి కాన్పులో కొద్దిగా పోయినా తట్టుకోలేదు. ఇనుము గోళీలు వేసుకుంటున్నావా? నిజం చెప్పు. వాంతి వస్తున్నదని పారేస్తున్నావా? అన్నం తిన్నాక, రాత్రి పండుకునే ముందు వేసుకో. చాయతో వేసుకోవద్దు. నిమ్మకాయ నీళ్లతో వేసుకో. రోజుకు ఒకటా, రెండా అనేది రేపు నర్సమ్మను అడుగుదాం. కాన్పుకు ఇంకా రెండు నెలలు ఉంది. రెండు నెలల్లో ఈ అంకె పెరగవచ్చు.

మిగతావాళ్లు కూడా రేపు కార్డులు తీసుకురండి. గర్భిణులు ఈ ఊళ్లో ఇంకా ఇద్దరున్నారని ఆశా అక్క చెప్పింది. వాళ్లు మన కేంద్రానికి రారు. పక్కింటి వాళ్లు ఎవరు? నువ్వా పెద్దమ్మా? అయితే వాళ్లను నువ్వే పిలుచుకొని రావాలి.